పదో నంబరు పానా

నౌకాదళం హెలికాప్టర్ల షెడ్డులో ఆయన్ని అందరూ లెక్కల మాస్టారనే పిలిచేవారు. చేసేది మెకానిక్ పని, చదివింది పదో తరగతి. అందులోనూ లెక్కల్లో మార్కులు అంతంతమాత్రమే. అయినా ఆ పేరు రావడానికి కారణం గోడ మీది పానాల బోర్డు. దాని మీద ప్రతి పనిముట్టు ఆకారం ఎర్రరంగుతో గీసి ఉంటుంది. పని అయ్యాక దేని చోట్లో అది వేలాడాలి. ఒక్క చోటు ఖాళీగా ఉన్నా హెలికాప్టర్ లేవడానికి వీల్లేదు, ఎందుకంటే ఇంజన్ దగ్గర మరిచిపోయిన చిన్న పానా చాలు అందరి ప్రాణాలు తీయడానికి. పై అధికారి కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నా సరే, లెక్క తేలనిదే మాస్టారు సంతకం పెట్టేవారు కాదు.

ఇప్పుడా దళాన్నే ఎత్తేస్తున్నారు. హెలికాప్టర్లు తుక్కుకి, మనుషులు తలో దిక్కుకి. వీడ్కోలు పుస్తకంలో దళం చరిత్ర రాసే పని, పాతకాపు కదా అని మాస్టారి నెత్తిన పెట్టారు. ఆయన బుద్ధిగానే మొదలుపెట్టారు. నాలుగు హెలికాప్టర్లతో పుట్టిందని రాశారు. నీళ్లలో నక్కిన జలాంతర్గాముల్ని పసిగట్టడం దాని అసలు పని అని, యుద్ధం రాకపోయినా తుఫాన్లు ఏటా వచ్చాయని, దాంతో మునిగే పడవల్లోంచి మనుషుల్ని తాడుతో పైకి లాగడమే ముఖ్యమైన పని అయిపోయిందని రాశారు. పందొమ్మిదేళ్ల కిందటి తుఫాను దగ్గరికి వచ్చేసరికి కలం మొరాయించింది.

ఆ మధ్యాహ్నం బోర్డు మీద పదో నంబరు పానా లేదు. షెడ్డంతా జల్లెడ పట్టినా దొరకలేదు. సముద్రంలో పడవ ఒరిగిపోతోంది, అందులో పదకొండు మంది. తాడు పట్టుకుని కిందకి దిగే కుర్రాడు మాస్టారి బావమరిదే.

"బావా, ఒక్క పానా కోసం అంతమందిని ముంచేస్తావా? సంతకం పెట్టు," అన్నాడు.

మాస్టారు బయటికెళ్లి, తన మోటార్‌సైకిల్ పెట్టెలోని పదో నంబరు పానా తెచ్చి ఖాళీ చోట్లో తగిలించి సంతకం పెట్టారు. మొదటి విడతలో ఏడుగురు ఒడ్డున పడ్డారు. మిగతా నలుగురి కోసం వెళ్లిన హెలికాప్టర్ తిరిగి రాలేదు. శకలాలు కూడా దొరకలేదు. విచారణలో బోర్డు చూశారు, అన్నీ ఉన్నాయి. తప్పంతా గాలి మీదకి పోయింది.

అప్పట్నించీ మాస్టారు తన పానాని తానే రోజూ లెక్కపెట్టుకుంటూ బతికారు. ఒక్కటే ఆశ. బోర్డు కింద నేలకి బిగించిన ఇనుప బీరువా ఉంది. అసలు పానా జారి దాని వెనక పడి ఉంటుంది. పడే ఉంటుంది. విప్పి చూద్దామంటే ఎందుకని అడుగుతారు.

దళం పోతుంటే ఆ బీరువా కూడా కదిలింది. నలుగురు కలిసి దాన్ని పక్కకి జరిపారు. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడిమారు. బోలెడు దుమ్ము, రెండు వాషర్లు, పళ్లు విరిగిన దువ్వెన. ఇంకేమీ లేదు.

"ఏం వెతుకుతున్నారు మాస్టారూ?" అనడిగాడు ఒకడు.

"ఏం లేదు. లెక్క సరిపోయింది."

గుండె చెరువైపోయింది. ఎలా ఇల్లు చేరారో ఆయనకే తెలియదు. సాయంత్రం భార్య టీ గ్లాసు పక్కన పెట్టి, కాగితాల వైపు చూసింది.

"మా తమ్ముడి సంగతి రాశారా?"

"రాశాను. ఈదురుగాలికి అదుపు తప్పి కూలిపోయిందని."

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గాలిని ఏమనగలం. మీరు దగ్గరుండి అన్నీ చూసి పంపారు కదా, నాకు అదొక్కటే ధైర్యం. ఇంకెవరైనా పంపి ఉంటే ఏ పొరపాటు జరిగిందోనని జీవితమంతా కుమిలిపోయేదాన్ని."

మాస్టారు టీ తాగలేకపోయారు. ఈ జన్మకి ఆవిడతో నిజం చెప్పలేనని ఆయనకి అప్పుడే తెలిసిపోయింది.