పేరు పెట్టని ఎర్ర పురుగు

సాయంత్రం శంషాబాద్‌లో మా వీధిలోకి దోమల మందు పొగబండి వస్తే, ఆ డీజిల్ వాసనకు అందరూ తలుపులు మూసుకుంటారు. నేనూ మూసుకుంటాను, కానీ కాస్త ఆలస్యంగా. ఆ వాసన తగలగానే వసుంధర మేడమ్ గుర్తొస్తారు. డిగ్రీలో నాకు జంతుశాస్త్రం చెప్పి, తర్వాత పరిశోధనలోనూ వెంట తిప్పుకున్న మనిషి. కుట్టని దోమల కోసం జీవితమంతా ధారపోశారు. చూడడానికి అవి అచ్చం దోమలే. దీపాల చుట్టూ ముసురుతాయి, ఎవరినీ కుట్టవు. అయినా దోమలతోపాటు వాటికీ చావు తప్పదు.

వాటి పిల్లపురుగులు కుంటల అడుగు బురదలో ఎర్రటి దారప్పోగుల్లా ఉంటాయి. ఏ జాతివైనా పైకి ఒకేలా కనిపిస్తాయి. మేడమ్ సూక్ష్మదర్శిని కింద ముందు తలలోని పళ్ళ వరస, తోక దగ్గరి గొట్టాలు చూసేవారు. ఆ తర్వాత సూదులతో లాలాజల గ్రంథిని బయటికి లాగి, రంగు వేసి, గాజుపలక కింద బొటనవేలితో అదిమేవారు. క్రోమోజోములు అడ్డచారల పట్టీల్లా విచ్చుకునేవి. “పళ్ళు ఇంటిపేరు చెబుతాయి నర్సింహా, అసలు పేరు చారలనే అడగాలి” అనేవారు. నా మోటుచేతుల్లో మొదట్లో అంతా పచ్చడే అయ్యేది. ఆవిడ విసుక్కోకుండా “ఇంకోటి తీసుకో” అనేవారు.

ఒక వానాకాలం సాతంరాయి దగ్గరి కుంటలో దొరికిన పురుగులో చారల వరస మాకు తెలిసిన దేనితోనూ కలవలేదు. నేను ఎగిరి గంతేశాను. “కొత్త జాతే మేడమ్! ఇగ పేరు పెట్టుడే” అన్నాను.

“రెక్కలొచ్చాక ఎలా ఉంటుందో చూడకుండా ఎలా పెడతాం?” అన్నారు.

చిక్కల్లా అక్కడే. చారలు చూడాలంటే పురుగును చంపాలి, రెక్కలు చూడాలంటే బతకనివ్వాలి. అందుకే కుంట అంచున గుడ్ల ముద్దలు వెతికి తెచ్చి పొదిగించాం. ఒక ముద్దలో పుట్టిన తోబుట్టువుల్లో కొన్నింటిని కోసి చూస్తే అవే చారలు. మిగతావాటిని నీళ్ళ ట్రేలలో పెంచాలి. దసరా సెలవులకు కాలేజీ మూసేస్తారని ఆ ట్రేలను మేడమ్ తన అద్దె వాటాకు తెచ్చుకున్నారు.

ఇక రెక్కలు రావడమే తరువాయి అనగా, మేమిద్దరం గాజుపలకలు కొనడానికి వెళ్ళి వచ్చేసరికి ట్రేలు పిట్టగోడ మీద బోర్లించి ఉన్నాయి. ఇంటి యజమానురాలు నూర్జహాన్ బీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. “నీళ్ళల్ల పురుగులు పడ్డయ్ మేడమ్. మా పోరడు డెంగీతోటి దవాఖానల ఉన్నడు కదా, గందుకే పారబోసి మంచిగ తోమి పెట్టిన. మీకు జరమొస్తే ఎవరు చూస్తరు?”

నేను నోరు తెరవబోతే మేడమ్ చెయ్యి పట్టి ఆపారు. “బాబుకి ఎలా ఉందమ్మా?” అని మాత్రం అడిగారు. ఆమె కిందికి వెళ్ళాక నేను సణుగుతుంటే, “ఆవిడ భయం ఆవిడది. ముందే చెప్పాల్సింది నేను” అన్నారు. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది.

మళ్ళీ వెళ్ళి వెతికితే గుడ్లు దొరకలేదు. వచ్చే వానలకు చూద్దామనుకున్నాం. ఆ వానలొచ్చేసరికి కుంటలో టిప్పర్లు మొరం పోస్తున్నాయి. “ఏం దేవులాడుతున్నరన్నా? ఇగ గీడ కుంట ఏడిది, అన్నీ ప్లాట్లే” అన్నాడు డ్రైవర్. చారల ఫోటోలున్నాయి, పేరు పెట్టేద్దామని మేడమ్‌ను బతిమాలాను. “సగం చూసి పేరు పెట్టకూడదు” అన్నారు. ఆ పట్టుదల మీద అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇప్పుడు దిగులు తప్ప ఏమీ లేదు. చివరిసారి బుద్వేల్‌లో వాళ్ళ చెల్లెలింట్లో చూశాను. మంచం మీద నుంచే “దొరికిందా?” అని అడిగారు. లేదన్నాను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. వానాకాలం వస్తే విమానాశ్రయం వెనక గుంటల నుంచి బడంగ్‌పేట్ దాకా బురద జల్లెడ పడతాను. గుడ్లు దొరికితే కొన్ని పురుగులను కోస్తాను, కొన్నింటిని పెంచుతాను. పెంచేముందు కింది వాటావాళ్ళను పిలిచి, ఇవి కుట్టవని చూపిస్తాను. ఆ చారలు మాత్రం మళ్ళీ కనబడలేదు. కొత్త జాతికి గురువు పేరు పెట్టడం మా జంతుశాస్త్రం వాళ్ళలో ఆనవాయితీ. మేడమ్ పేరు ఎలా కలపాలో ఎప్పుడో అనుకున్నాను. ఆవిడ పోయారు. పేరు నా దగ్గరుంది, పెట్టడానికి పురుగు లేదు.