రెండు మూటల వెంట్రుకలు

అడవిపంది అంటే నాకు భయం కన్నా రోత ఎక్కువ. వచ్చి నాలుగు శెనక్కాయలు తినిపోతే ఎవరేడ్చారు? సాలు వెంబడి ముట్టెతో తవ్వుకుంటూ పోతుంది. చెట్టును వేళ్ళతో సహా పెళ్ళగించి, గింజ ఊరని లేత కాయల్ని కూడా నమిలి ఉమ్మేస్తుంది. పొద్దున పోయి చూస్తే చేనంతా పిప్పి, పెంట. ఆ వాసన చీరకు పట్టిందంటే రెండు ఉతుకులకు కూడా వదలదు.

మాది నల్లమాడ దగ్గర కొండవార పల్లె. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. వరుసగా వానలు ఎగ్గొట్టిన తర్వాత ఆ ఏడాది శెనక్కాయ బాగా పట్టింది. మా మూడెకరాల గట్టుకు అవతలే మా తోడికోడలి రెండెకరాలు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. మా బావ చనిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆ కాయే ఆమెకు తిండి, ఆ కాయే మరుసటేటి విత్తనం. అది చేతికి రాకపోతే ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకుని బెంగళూరుకు కూలికి పోవలసిందే. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. నాకు అందరికన్నా బాగా తెలుసు.

కాయ ఊరే వేళకు పందులు కొండ దిగాయి. మా ఆయన ఫారెస్టాయన దగ్గరకు పోయి మొర పెట్టుకున్నాడు.

"పందులే తినినాయని ఏం గ్యారంటీ అప్పా? ఫోటో ఉండాదా? వాటిమీద చెయ్యి ఏసినారంటే మాత్రం కేసు పెడతా" అన్నాడట ఆ మహానుభావుడు.

పెళ్ళికి తప్ప మా పల్లెలో కెమెరా కనపడని రోజులు. పందుల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీయించాలి కాబోలు!

ఇక మాకు మిగిలింది వెంట్రుకల వైద్యమే. పంది నేల వాసన చూసుకుంటూ నడుస్తుంది. గట్టు పొడవునా మనుషుల వెంట్రుకలు చల్లితే అవి ముక్కులోకి పోయి, తుమ్ముకుంటూ వెనక్కి తిరుగుతుంది. అందుకని ఆ కాలంలో కటింగ్ షాపుల ముందు గడ్డాలు గీయించుకునేవాళ్ళ కన్నా సంచులు పట్టుకున్న రైతులే ఎక్కువగా కనపడేవాళ్ళు. నేను ముందే చెప్పి పెట్టుకుని నల్లమాడ షాపుకు పోయాను.

"ఒగ మూట నీదిమా, ఇంగొగటి మీ యక్కది. ఆదివారం వస్తానని చెప్పి పోయినాది" అన్నాడు షాపాయన.

"ఆదివారం దాకా ఎందుకు లే అన్నా, నేనే తీసకపోయి ఇస్తా" అన్నాను.

దేవుడి తోడు, ఆ మాట అన్నప్పుడు నిజంగానే ఇచ్చేద్దామనుకున్నాను. ఎవరెవరివో జిడ్డు వెంట్రుకలు, చుండ్రు, ఎండిన సబ్బు నురుగు, నెత్తురంటిన దూది. ఆ రెండు మూటలూ ఒళ్ళో పెట్టుకుని బస్సులో ముక్కు మూసుకుని కూచున్నాను. ఇంటికొచ్చి గట్టు చుట్టూ చల్లేసరికి ఒక మూట సరిగ్గా సరిపోయింది. వాన పడితే కొట్టుకుపోతాయి, మళ్ళీ చల్లాలి కదా అన్న బుద్ధి అప్పుడు పుట్టింది. రెండో మూట కొట్టంలో గడ్డి కింద దోపాను.

"వదినది ఇయ్యలేదా?" అన్నాడు మా ఆయన.

"ఆయమ్మకు వేరే ఉండాది లే" అన్నాను.

నా మొహం ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. నాది అబద్ధమని ఆయనకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఖాళీ సంచితో మా వాకిట్లోకి వచ్చింది.

"మే, నా మూట నీ చేతికే ఇచ్చినానంటాండాడే షాపాయన?"

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తల ఎత్తలేదు. "నాకు ఒగటే ఇచ్చినాడక్కా. ఎవురికిచ్చి మర్చిపోయినాడో ఏమో" అన్నాను. సిగ్గూ శరమూ లేకుండా ఎంత సులువుగా అన్నానో! ఆమె "సరే లే, ఏం చేస్తాం" అని పోయింది.

రెండు రోజులకు పందులు ఆమె చేలో పడ్డాయి. పొద్దున్నే పోయి చూస్తే సగం చేను బోర్లా తిరగేసి ఉంది. గట్టు ఇవతల మాది ఒక్క చెట్టు కదల్లేదు. అది చూసి ముందు నాకు కలిగింది సంతోషం. ఛీ! పందిని తిట్టే నోరు నాకెక్కడిది?

మర్నాడు పొద్దున అక్క గట్టు వెంబడి వంగి ఏదో చల్లుతూ కనపడింది. తలకు తువ్వాలు. ఆమె వెనకున్న పిల్లలిద్దరికీ అంతే. దగ్గరకు పోయి చూస్తే పొడుగాటి వెంట్రుకలు. కత్తెరతో కత్తిరించుకున్నవి, మూడు తలలవీ.

"ఏందక్కా ఇది!" అన్నాను.

"కదిరి దేవునికి తలనీలాలు మొక్కుకోనుంటిమి లే మే. ఆయప్పయితే మళ్ళా పెరిగేదాకా కాసుకుంటాడు, ఈ పందులు కాసుకోవు" అంది. నడుం పట్టుకుని లేచి మా వైపు చూపించింది. "నీ పక్క పల్చగా ఉండె, ఆడ కూడా కొంచెం చల్లినా. పాపం, నీకు ఒగ మూట యాడ సాలుతాది?"

నా కాళ్ళ దగ్గర చూసుకున్నాను. మా గట్టు మీద కొబ్బరినూనె వాసనతో చిన్నపిల్ల వెంట్రుకలు. కొట్టంలో మూట ఉందని ఆ క్షణమే చెప్పి ఉండొచ్చు. సాయంత్రం చెబుదామనుకున్నాను, రేపు చెబుదామనుకున్నాను.

మూడు తలల వెంట్రుకలు రెండెకరాలకు ఏ మూలకు? వారం తిరక్కుండానే మిగిలిన సగమూ పోయింది. ఇంకా వెంట్రుకలు పెరగని తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని వాళ్ళు ముగ్గురూ బెంగళూరు బస్సెక్కారు. ఆ రోజు గడ్డి కింది మూట తీసి వంకలో పారేశాను. మేము కాయ పెరికేదాకా ఒక్క చినుకు కూడా పడలేదు. ఆ మూటతో మాకు పనే పడలేదు.