ఆముదపాకు సాక్ష్యం

మా ఊళ్ళో ఏ కబురైనా రెండు చోట్ల కాళ్ళు తెచ్చుకునేది. మగాళ్ళదైతే పురుగుమందుల కొట్టు ముందు బెంచీ మీద, ఆడాళ్ళదైతే శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో జరిగే స్త్రీల సమాజం కూడికలో. సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాని రోజులవి. అయినా పొద్దున బెంచీ మీద పుట్టిన మాట సాయంత్రానికి పిడుగురాళ్ల దాకా పోయొచ్చేది. వచ్చేటప్పుడు ఒంటరిగా రాదు, దారిలో ఇంకో నాలుగు మాటల్ని వెంటేసుకుని వచ్చేది. ఆ మాటల వల్లే ఒక ఏడు నా మొగుణ్ణి పోగొట్టుకోబోయాను. ఆ మాటల వల్లే మళ్ళీ దక్కించుకున్నాను కూడా.

అంతకు ముందు ఏడు పత్తికి మందు కొడుతూ మా ఆయన చేలోనే పడిపోయాడు. ఎదురుగాలి. మూతికి గుడ్డ కట్టుకోమంటే "నాకు తెలుసులేవే" అన్నాడు. నోటి వెంట నురగ, మాట లేదు. గుంటూరు పెద్దాసుపత్రి వరండాలో కూర్చుని నేను చేసినవాటిలో సగం ప్రార్థనలు, సగం ఆయన్ని తిట్టిన తిట్లు. దేవుడు రెండూ విన్నట్టున్నాడు, మనిషి బతికాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఆయన్ని వదిలేసి నా వైపు చూసి, "అమ్మా, ఇంకోసారి ఈ మందు ఈయన ఒంట్లోకి పోతే బతికించడం మా వల్ల కాదు" అన్నారు. మా ఆయనకి అది నామోషీ. ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ వడదెబ్బ అని చెప్పుకున్నాడు. నేను మాత్రం ఇంటికి రాగానే మందు కొట్టే పంపుని అటకెక్కించి, ముందు పాత గోనెలు అడ్డం పెట్టాను.

మరుసటి ఏడు రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాం. మందు కొట్టకుండా మిరప పండిస్తారంట అని ఊరంతా నవ్వింది. అప్పుడే వ్యవసాయ శాఖ వాళ్ళు మా దగ్గర పొలంబడి పెట్టి, రైతుల్ని చేలోనే నిలబెట్టి పాఠాలు చెప్పేవాళ్ళు. మా ఆయన ఇంకా ఎండకి తట్టుకోలేడు కాబట్టి నేనే పోయాను. మగాళ్ళంతా ఈమెకేం పని ఇక్కడ అన్నట్టు చూశారు. చూస్తే చూశారు, నేనేమన్నా పెళ్ళిచూపులకి పోయానా! మిరప చుట్టూ గట్టు వెంట ఆముదం వెయ్యమన్నారు. లద్దెపురుగు తల్లికి మిరపాకు కన్నా ఆముదపాకు మీదే మోజెక్కువ, వచ్చి దాని మీదే గుడ్లు పెడుతుందన్నారు. రోజూ ఆకులు తిరగేసి చూసి, గుడ్లున్న ఆకునీ, పిల్లపురుగులు కొరికి జల్లెడ చేసిన ఆకునీ తుంచి పూడ్చిపెట్టమన్నారు. అంత తేలికైన పనికి ఇన్నాళ్ళు ఇన్ని డబ్బాల మందు కొట్టామా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చెప్పినట్టే చేశాను. కూలికి పోయే ముందు, తెలవారుతుండగానే చేలోకి వెళ్ళి ఆకులు తుంచి గుంటలో పూడ్చేదాన్ని. ఆ వేళకి చేలల్లో పురుగులు తప్ప మనుషులుండరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా గట్టుకి అవతలి చేను అన్నయ్యది. తోడబుట్టినవాడు కాదు, మా ఆయన్ని బావా అని పిలుస్తాడు కాబట్టి నాకు అన్నయ్య. వాళ్ళావిడ నాకు వదిన. ఆయన మా గట్టు మీద ఆముదం చూశాడు. నన్నేమీ అడగలేదు, తనూ వేశాడు. ఆయన్ని చూసి ఆ పక్కాయన వేశాడు. మా వైపు అంతే, అడిగితే చిన్నతనం, చూసి చేస్తే తెలివి. చూస్తుండగానే మా దిక్కున గట్లన్నీ ఆముదమే. మొక్క అందరికీ కనపడింది. తెల్లారగట్ల నేను చేసే పని ఒక్కరికీ కనపడలేదు.

తుంచే చెయ్యి లేని ఆముదం మీద పురుగు కడుపారా తిని, బలిసి, వాళ్ళ మిరపలోకి దిగింది. అప్పుడు బెంచీ మీద మాట పుట్టింది. ఆముదం పురుగుని పిలుస్తుందంట! మధ్యాహ్నానికి అది, ఫలానా ఆమె వేసిన ఆముదం వల్లే ఊళ్ళోకి పురుగొచ్చిందంట అయింది. సాయంత్రానికి, ఆమె మొగుడు నిరుడు పడిపోయింది కూడా ఆముదపు గాలి తగిలేనంట అయింది. ఆయన పడిపోయిననాడు మా ఇంట్లో తలకి రాసుకునే ఆముదం కూడా లేదు. మాటకి ముందూ వెనకా ఎందుకు, నడవడానికి దారుంటే చాలు.

అన్నయ్య గట్టు మీద నిలబడి, "ఏం బావా, నా చేను తగలెయ్యడానికేనా ఇదంతా?" అని అరిచాడు. మా ఆయన మెత్తని మనిషి. నలుగురి నోళ్ళలో పడటం ఆయన వల్ల కాదు. శుక్రవారం మధ్యాహ్నం కూలి నుంచి వచ్చేసరికి అటక మీది పంపు వాకిట్లో ఉంది. కడిగి ఆరబెట్టాడు. పక్కన కొత్త మందు డబ్బా.

"ఏందయ్యా ఇది?"

"రేపు పొద్దున ఆముదం పీకేసి మందు కొట్టేస్తానే. ఊరందరితో వైరం మనకెందుకు?"

"మన చేలో పురుగేది? చూపించు."

"లేదంటే ఎవరు నమ్ముతారు? అందరూ కొడుతున్నారు, మనమూ కొడదాం."

ఆసుపత్రి వరండా కళ్ళ ముందుకొచ్చింది. ఏడిస్తే కరిగే మనిషే, కానీ ఊరి మాట ముందు నా ఏడుపు ఎంత? తెల్లారేలోపు ఊరి మాట మారితే తప్ప ఆయన ఆగడు. చర్చికి పోతూ పోతూ దారి మళ్ళి, అన్నయ్య గట్టు మీద ఆముదపాకొకటి కోసి పేపర్లో చుట్టుకున్నాను.

పాటలయ్యాక పాస్టరమ్మగారు, "ప్రార్థన విన్నపాలేమన్నా ఉంటే చెప్పండమ్మా" అన్నారు. వదిన లేచింది. ముసుగు సర్దుకుని, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"అందరికీ వందనాలండి. గట్టు పక్కవాళ్ళు వేసిన ఆముదం మూలాన మా చేను నాశనమైపోతా ఉందండి. వాళ్ళ మనసు మార్చమని అందరూ ప్రార్థన చెయ్యండి."

పేరు చెప్పలేదు. తలలన్నీ నా వైపు తిరిగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే లేచి, "నాదొక సాక్ష్యం ఉందండి" అన్నాను. దేవుడు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పడాన్ని మేం సాక్ష్యం అంటాం. సాక్ష్యం చెప్పేటప్పుడు మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు. ఆ కట్టుబాటే ఆ పూట నన్ను కాపాడింది.

"నా మొగుడికి తగిలింది వడదెబ్బ కాదండి, పురుగుమందు. దేవుడు బతికించాడు. ఇంకోసారి తగిలితే బతకడని డాక్టరుగారు చెప్పారు. అందుకే ఆముదం వేశాను. వేసి ఊరుకోలేదు, రోజూ ఇలాంటి ఆకులు తుంచి పూడుస్తున్నాను" అని పేపరు విప్పాను. జల్లెడలా తూట్లు పడ్డ ఆకు నిండా పిల్లపురుగులు. ముందు వరసవాళ్ళు చాప వదిలి లేచారు. "ఇది మా వదినావాళ్ళ గట్టు మీది ఆకు. ఈ ఒక్కటీ పొద్దునే తుంచి ఉంటే ఇవన్నీ మిరపలోకి దిగేవా?"

వదిన వచ్చి వంగి చూసింది. "తుంచాలని మాకు ఎవరు చెప్పారు?"

"మీరు అడిగారా?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ముందు పాస్టరమ్మగారికి నవ్వొచ్చింది. తర్వాత ఎవరూ ఆగలేదు. ఆ సాయంత్రమే కూడికంతా లేచి వదిన చేలోకి దిగింది. రోజూ అందరి చేలల్లో కలుపు తీసేదీ ఆ చేతులే కదా, ఆకు తుంచే పని ఊరికి పాకడానికి ఇంకేం కావాలి!

ఆ సాక్ష్యం నాకన్నా ఎక్కువ ఊళ్ళు తిరిగింది. తర్వాతెప్పుడో కనిగిరి నుంచి వచ్చిన చుట్టమొకామె, "ఆముదపాకు శుక్రవారం నాడే, ప్రార్థన చేసి తుంచాలంట, తెలుసా?" అని నాకే చెప్పింది. "రోజూ తుంచమ్మా, ప్రార్థన నీ ఇష్టం" అన్నాను. నమ్మినట్టు లేదు.

అదంతా తర్వాతి మాట. కూడిక మర్నాడు, శనివారం పొద్దున లేచేసరికి పక్కన మా ఆయన లేడు. వాకిట్లో పంపు లేదు, డబ్బా లేదు. జుట్టు ముడి కూడా వేసుకోకుండా చేలోకి పరిగెత్తాను. ప్రభువా, ప్రభువా అనడం తప్ప నోట్లో ఇంకో మాట లేదు.

గట్టుకి ఇవతల మా ఆయన, అవతల అన్నయ్య. ఇద్దరి చేతుల్లోనూ ఆముదపాకులు. మా ఆయన వీపు మీద ఏమీ లేదు.

"పంపేదయ్యా?" అని అరిచాను.

మా ఆయన ఇంకో ఆకు తిరగేశాడు. అన్నయ్యే చెప్పాడు. "మా ఇంట్లో పడేసి తాళం పెట్టానమ్మా. డబ్బా కొట్టు తెరవగానే తిరిగిచ్చేస్తాను. రాత్రి మీ వదిన అంతా చెప్పింది." మా ఆయన వైపు తిరిగి, "ఒరేయ్ బావా, వడదెబ్బ అన్నావు గదరా! చస్తావని నాకు చెప్పొద్దా? తెలిస్తే నీ మీద అరుస్తానా?" అన్నాడు.

నేను గట్టు మీద కూలబడి ఏడ్చాను. హమ్మయ్య అనుకుంటూ ఏడవడం అదే మొదలు నాకు. మళ్ళీ పురుగు కనపడితే వేపగింజల కషాయం కొట్టాం, దానికీ అన్నయ్య పంపే అడిగి తెచ్చుకున్నాం. మా పంపు ఆయన ఇవ్వలేదు, మేం అడగలేదు.