ప్రాథమిక పద్దులో మీటింగు హాలు

విద్యాశాఖ ఆఫీసులో బడ్జెట్ సెక్షన్ గుమస్తాను అందరూ వాటాల బాబాయి అంటారు. ఏటా మంత్రిగారి ప్రసంగానికి ముందు ఆయన ఓ గుండ్రటి బొమ్మ గీస్తాడు. చదువుల మీద పెట్టిన ఖర్చులో యూనివర్సిటీలకెంత, హైస్కూళ్లకెంత, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకెంత అన్నది అందులో రంగులతో తేలిపోతుంది. చిన్నపిల్లలది పసుపు రంగు. ఆ పసుపు ముక్క ఏటేటా చిక్కిపోతోంది.

మనిషి చెడ్డవాడు కాదు. ఒకరి పెన్ను పొరపాటున జేబులో పడితే మర్నాడు పొద్దున్నే వెతికి మరీ ఇచ్చేస్తాడు. కాకపోతే పై అధికారి మొహం చిట్లిస్తే ఆయనకు కడుపులో నొప్పి మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ నొప్పికి ఆయనకు తెలిసిన మందు ఒకటే, అడిగింది చేసిపెట్టడం.

ఆ ఏడాది డైరెక్టరుగారు బొమ్మ చూసి మొహం చిట్లించారు.

"ఈ పసుపేంటయ్యా, నిమ్మతొక్కలాగా? పిల్లలకే పెద్ద వాటా అని మంత్రిగారు ఊరంతా చెప్పుకొచ్చారు."

"డబ్బిస్తే పెరుగుతుంది సార్."

"డబ్బిచ్చి పెంచడం ఎవరికైనా వచ్చు. నువ్వెందుకు మరి?"

బాబాయి దీన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. ఒక పద్దులో ఖర్చును ఇంకో పద్దులో రాయడాన్ని ఆ సెక్షన్లో 'కాపురం మార్చడం' అంటారు. ఆఫీసు వెనక అప్పుడే కొత్త మీటింగు హాలు పూర్తయింది. తివాచీ, మెత్తటి కుర్చీలు, తలకో ఫ్యాను. దాని ఖర్చంతా బాబాయి ప్రాథమిక విద్యలోకి కాపురం మార్చేశాడు. 'ప్రాథమిక పాఠశాల, అదనపు తరగతి గది' అని రాశాడు. ఏ పాఠశాల అన్న గడి ఖాళీగా ఉంటే బాగుండదని, పక్కవీధిలో తన అక్క పనిచేసే బడి పేరు వేశాడు. తోబుట్టువుకు ఏదో మేలు చేసినట్టు కాస్త గర్వం కూడా కలిగింది. పసుపు ముక్క బలిసింది. డైరెక్టరుగారు నవ్వారు.

ఆ బడిలో ఐదు తరగతులకూ ఉన్నది ఒకటే గది, ఒకటే టీచరు. ఆ టీచరు అక్కే. పైకప్పు మధ్యలో కుంగింది. వానలు మొదలయ్యాక పిల్లల్ని అందులో కూర్చోబెట్టొద్దని ఇంజనీరు చెప్పి వెళ్లాడు. అప్పటికి ఇంకో గది రాకపోతే బడి మూసేస్తారు. పిల్లలు లారీలు తిరిగే పెద్దరోడ్డు దాటి వేరే బడికి పోవాలి. సగంమంది పోరని అక్కకు తెలుసు.

ఓ సాయంత్రం అక్క బాబాయి ఇంటికొచ్చి, ఆయన భోజనం చేస్తుంటే ఎదురుగా కూర్చుంది.

"ఒరే, గది కావాలని అడిగితే ఈ ఏడే మీ బడికి గది కట్టేశాం, మళ్లీ ఇవ్వం అని మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నాకెక్కడా కనబడట్లేదు. కళ్లద్దాలు మార్చాలంటావా?"

బాబాయి కలిపిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"అది కాగితం మీద కట్టారక్కా."

"కాగితం మీద గదికి గోడలుంటాయా?"

"ఉన్నాయి. ఫ్యాన్లు కూడా ఉన్నాయి."

చిన్నప్పుడు తనకు అక్షరాలు దిద్దించిన మనిషి ముందు అబద్ధం నిలబడదు. జరిగిందంతా చెప్పేశాడు. అక్క తిడుతుందని కాచుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. "సరే, తిను" అని లేచి వెళ్లిపోయింది. ఆ మాటకే ఆయనకు భయమేసింది.

మొదటి వాన పడిన రోజు అక్క పిల్లల్ని వరసలో నడిపించుకుంటూ ఆఫీసు గేటు దాటింది. వాచ్‌మన్ అడ్డొస్తే, గది కట్టేశామన్న ఆ కాగితం చేతిలో పెట్టింది. అధికారుల మీటింగుకని డైరెక్టరుగారు వచ్చేసరికి హాలు గుమ్మం ముందు బుల్లి చెప్పులు, లోపల ఎక్కాలు. ఆయన కుర్చీలో కూర్చున్న పిల్లవాడు మర్యాదగా లేచి, "మీరే తరగతి తాతా?" అని అడిగాడు.

డైరెక్టరుగారు బాబాయిని వరండాలోకి లాక్కొచ్చారు.

"ఆ పద్దు ఇప్పుడే మార్చు. హాలు మన ఆఫీసు ఖర్చులోకి తెచ్చెయ్."

బాబాయికి కడుపులో నొప్పి మొదలైంది. మందు చేతిలోనే ఉంది, తలూపితే చాలు. తలుపు సందులోంచి లోపలికి చూశాడు. ఒక పిల్ల తడిసిన జడ పిండుకుంటూ, ఆ నీళ్లు తివాచీ మీద పడకుండా చెయ్యి పడుతోంది.

"మారుస్తాను సార్. కానీ పిల్లల వాటా మళ్లీ పడిపోతుంది. ప్రసంగం ఎల్లుండే, అచ్చు కూడా అయిపోయింది."

"ప్రసంగం అయ్యాక మార్చు."

"అప్పుడు మంత్రిగారు సభలో చెప్పింది అబద్ధమవుతుంది సార్."

డైరెక్టరుగారు మునుపెన్నడూ చిట్లించనంతగా మొహం చిట్లించారు. నొప్పి పెరిగింది. బాబాయి పొట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

మీటింగు వరండాలో జరిగింది. జల్లు కొట్టినప్పుడల్లా పెద్దలందరూ ఫైళ్లు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు.

"అక్కడేం చేస్తున్నావురా?" లోపల్నుంచి అక్క పిలిచింది. "గది వచ్చింది గానీ ఇంకో టీచరు రాలేదు. రెండో తరగతి నువ్వు చూడు."

"నాకు ఆఫీసు పనుందక్కా."

"ఉంటే ఉంది, రా."

బాబాయి చెప్పులు విడిచి లోపలికెళ్లి రెండో తరగతి మధ్య చతికిలబడ్డాడు. పాఠం ఎక్కడిదాకా అయిందని పక్కనున్న పిల్లను అడిగాడు. ఆ పిల్ల అక్క వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"టీచరు ఈ వారం మావైపు ఇంకా తిరగలేదండీ."