మా బావ మడికి నా యూరియా

పక్కవాడి పైరు చూసి ఎన్నడూ కడుపు మండనివాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఈ ఘోరం వాళ్లకు అర్థం కాదు. మిగతావాళ్లు జరగండి దగ్గరికి. నా మడిని నా చేతులతోనే ఎలా ముంచుకున్నానో చెబుతాను.

పెద్దమందడి ఊరి అవతల మాకు ఎకరం వరి. మా ఇంటిల్లిపాదికీ ఏడాదంతా తిండిగింజలు ఆ మడివే. దానికి సరిగ్గా కింద, ఒక్క గట్టు తేడాతో, నా భార్య చెన్నమ్మకు అన్న అయిన కుర్మయ్య మడి. ఇద్దరం ఒకే విత్తనం, ఒకే వారంలో నాటాం. అయినా గట్టెక్కితే చాలు, చెన్నమ్మ మొహం కిందివైపే తిరిగేది.

"మా అన్న పైరు సూస్తివా? రామసిలక లెక్క ఉన్నది."

"మరి మనది?"

"మనది గూడ మంచిగనే ఉన్నది," అనేది, జ్వరం మనిషిని పలకరించినట్టు.

ఆ 'గూడ' నా గొంతులో ముద్ద దిగనివ్వలేదు.

ఒక మధ్యాహ్నం రెండు సంచుల యూరియా బండి మీద తెచ్చాను. ఎకరానికి ఒక దఫా ఒక సంచి చాలు. నా అసూయకు చాలదు కదా! మడిలో పిక్కల దాకా నీళ్లు. పడమట నల్లటి మబ్బు.

కుర్మయ్య కింది గట్టు మీంచి చెయ్యి ఊపాడు. "బావా, జర ఆగు! నీళ్లు తీసి సల్లాలె. మబ్బు గూడ పట్టింది."

"నువ్వెందుకు సల్లలే?"

"గందుకే గద! వాన ఎలిసినంక సల్లుత."

చూశారా కుట్ర! నా పైరు తన పైరును ఎక్కడ మించిపోతుందోనని ఆయన పరేషాన్ అవుతున్నాడని నాకు ఇట్టే తెలిసిపోయింది. "నాకు తెల్వదా ఎవుసం?" అని, పెళ్లిలో అక్షింతలు వేసినట్టు రెండు సంచులూ చల్లేశాను. చివరి గుప్పెడు ఆయన చూస్తుండగా చల్లాను, కావాలనే.

సంచులు దులిపేలోపే వాన అందుకుంది. ఆకాశానికి ఎవరో గండి కొట్టినట్టు కురిసింది. మడి పక్క గుడిసెలోంచి నేనూ చెన్నమ్మా చూస్తుండగానే మా మడి నిండింది, పొర్లింది, నడిమి గట్టు తెగి నీళ్లన్నీ కుర్మయ్య మడిలోకి దూకాయి. ఆయన తన కింది గట్టును ముందే ఎత్తుగా వేసుకున్నాడు. దాంతో వచ్చిన నీళ్లు అక్కడే నిలిచిపోయాయి. "అయ్యో, మీ అన్న పైరు మునిగె!" అని చెన్నమ్మ ముందు నాలుక చప్పరించాను. లోపల లడ్డూ తిన్నంత సంబరం.

పది రోజులకు నా పైరు కామెర్ల రోగిలా అయింది. కుర్మయ్యది కళ్లు చెదిరేంత నల్లపచ్చగా లేచింది. వ్యవసాయాధికారి మేడం రైతులందరినీ పిలిచి ఆ గట్టు మీదే నిలబెట్టింది.

"యూరియా ఎంత వేసినవ్, కుర్మయ్యా?"

"ఒక్క గుప్పెడు గూడ ఎయ్యలే మేడం."

అందరూ నోళ్లు తెరిచారు. నాకేమో బడిలో చదివింది గుర్తొచ్చింది. "ఉరుముల వాన గద మేడం! మెరుపులకు గాలిల ఉన్న నత్రజని వానతోని కిందికి దిగుతదంట," అన్నాను, పంతులులా.

"నిజమే, జర దిగుతది. మరి ఆ వాన నీ మడి మీద పడలేదా?"

జనం గొల్లుమన్నారు. మేడం తెగిన గట్టును చూసింది, గుడిసె పక్కన నా ఖాళీ సంచులను చూసింది. "యూరియా చక్కెర లెక్క నీళ్లల్ల కరుగుతది. నీళ్లు ఎటు పోతే నత్రజని అటు పోతది. రెండు సంచులా?"

"అందుకే నేను మల్ల సల్లలే. బావ సల్లింది సాలు," అన్నాడు కుర్మయ్య ఎంతో వినయంగా. ఆ వినయమే నన్ను చంపింది.

చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెండ్లయి ఇన్నేండ్లల మా పుట్టింటోల్లకు నువ్వు పెట్టింది గిదొక్కటే!"

ఆ రోజు తెగిన గట్టుకు మట్టి వేస్తూ, పంచభూతాల సాక్షిగా శపథం చేశాను: మడిలో నీళ్లుండగా, నింగిలో మబ్బుండగా, యూరియా సంచి మూతి విప్పను గాక విప్పను. అసూయ మానేస్తానని మాత్రం శపథంలో ఎక్కడా లేదు. ఈ యాసంగి పంటకు మా బావ వేసిన వేరుశనగ మీరు చూశారా?