పన్నెండు రోజుల చర్మం

మా చిన్నమ్మ పోయింది. మొన్న మంగళవారం మోత్కూర్ నుంచి మొదటి బస్సులో వచ్చిన మా ఊరాయన, నేను పాఠం చెప్పే చిట్యాల బడికే వచ్చి ఈ మాట చెప్పాడు. మూడు రోజుల జ్వరమట. గొర్రెలు ఈనే రోజులని దవాఖానకు రానన్నదట. వినగానే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

నా రెండో ఏట కన్నతల్లి పోతే బాపు ఈమెను చేసుకున్నాడు. నాకు ఏడేళ్లప్పుడు కిరసనాయిలు బుడ్డి మీద పడి వీపంతా కాలింది. నల్లగొండ దవాఖానలో డాక్టరు, "పిల్ల ఒంట్ల సత్తువ లేదు. దీని తోలు ఇప్పుడే తియ్యరాదు, ఎవరిదన్న కప్పాలె" అన్నాడు. బాపు తేల్చుకునేలోపే చిన్నమ్మ బల్లెక్కి కూర్చుందట. ఆమె తొడ మీది చర్మం పల్చగా కోసి నా వీపున పరిచారు. వారం రోజులు బాగానే అతుక్కుంది. తర్వాత ఎర్రబడి, నల్లబడి, పన్నెండో రోజున ఊడిపోయింది.

"ఇంకో తొడ ఉంది గద సారూ, గది తియ్యుండ్రి" అంది చిన్నమ్మ.

"రెండోసారైతే ఇంకా జల్దీ ఊడుతదమ్మా. పరాయిదని ఒళ్లు ఒక్కసారి గుర్తుపడితే మర్చిపోదు. ఇన్నొద్దులు పుండును కాపాడింది, గది చాలు" అన్నాడు డాక్టరు. అప్పటికి నేను కాస్త తేరుకున్నాను. నా తొడదే తీసి వేస్తే అది నిలిచింది.

కన్నతల్లిదైనా ఊడేదేనని డాక్టరు బాపుతో చెప్పాడు. మా అవ్వ మాత్రం "కడుపుల పుట్టనిది గద, దాని తోలెట్ల అంటుతది?" అని ఊరంతా చాటింది. బాపు తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు.

పిల్ల చచ్చిన గొర్రెకు తల్లి లేని పిల్లను అలవాటు చేయడంలో చిన్నమ్మది అందెవేసిన చేయి. చచ్చిన పిల్ల తోలు ఒలిచి బతికిన పిల్లకు తొడిగేది. ఆ గొర్రె దాని వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలిచ్చేది. "గొర్రెను మాయ జెయ్యొచ్చు బిడ్డా, ఒంటిని జెయ్యలేం" అని నవ్వేది.

నాకు పన్నెండేళ్లప్పుడు ఏదో లంగా కోసం చిన్నమ్మతో పోట్లాడి, "నీ తోలు గూడ నాకు అంటలే, నాకు చెప్పనీకి నువ్వెవరు?" అన్నాను. అవ్వ మాటే నా నోట వచ్చింది. జొన్నరొట్టె తట్టే చేయి ఆగలేదు. "అంటకపోతే అంటకపాయె. పన్నెండొద్దులు కప్పింది గద" అంది. ఆ రొట్టె కాల్చి నా పళ్లెంలోనే వేసింది. తప్పయిందని నేను అప్పుడు అనలేదు. తర్వాతా అనలేదు. చాలా సిగ్గుగా ఉంది.

ఆమెకు చివరి స్నానం చేయిస్తుంటే నీళ్లు నేనే పోశాను. ఎడమ తొడ మీద రెండు అరచేతులంత మేర తెల్లగా, నున్నగా ఉంది. ఊరికి కొత్తగా వచ్చిన కోడలొకామె చూసి, "గీ మచ్చేంది అక్కా?" అనడిగింది.

"నాకిచ్చింది" అన్నాను.

ఇంకో చెంబు ముంచి, ఆ మచ్చ మీద మెల్లగా పోశాను.