అమ్మమ్మ జుట్టులో సిరా మరక

ఈ నెల రేషన్ షాపులో నా వేలిముద్ర మూడుసార్లు పడలేదు. నాలుగోసారి డీలరు, నా కొడుకు ఈడువాడే, నా మణికట్టు పట్టుకుని బొటనవేలిని ఆ చిన్న మిషను అద్దం మీద అదిమిపెట్టాడు. అయినా పడలేదు. నాకు సంతకం వచ్చయ్యా, రిజిస్టరు ఇటివ్వు, పెడతాను అన్నాను. "సంతకం ఎవలికి గావాలె పెద్దమ్మా? మిషనుకు సంతకం తెల్వది. జర పక్కన కూసో, అందరిది అయినంక చూద్దాం" అన్నాడు. వరసలో నా వెనకున్నావిడ నవ్వింది. సంచీ మడిచి ఒళ్ళో పెట్టుకుని గోడవార కూర్చున్నాను. కోపం వచ్చింది, దాచడమెందుకు. బియ్యం రావేమోనన్న దిగులు కంటే ఆయన నా చెయ్యి పట్టుకున్న తీరుకే వచ్చింది. నా ఈడు వాళ్ళకు చెబితే ఆ కోపం అర్థమవుతుంది. మా మనవలకు చెబితే వేలికి నూనె రాసుకుని పొమ్మంటారు.

మా అమ్మమ్మ చెయ్యి కూడా అట్లాగే పట్టుకునేవారు.

మాది పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, రోడ్డు వదిలి చాలా దూరం లోపలికి నడిస్తే వచ్చే అడవంచు ఊరు. ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా బీడీల తునికాకు మీద పడేది. పొద్దున్నే అడవికి పోయి ఆకు తెంపుకొచ్చి, ఇంటి ముందు నీడన కూర్చుని కట్టలు కట్టేవాళ్ళం. అమ్మమ్మ ఆకును కళ్ళతో చూసేది కాదు, బొటనవేలితో ఒక్కసారి నిమిరేది. లేతదో ముదురుదో, పురుగు తిన్నదో ఆ వేలికే తెలిసిపోయేది. మెతుకు ఉడికిందో లేదో, కొత్త కుండలో కనపడని పగులుందో, నా నుదురు జ్వరంతో కాలుతోందో ఎండకు కాలుతోందో, అన్నీ ఆ వేలే చెప్పేది. అంత తెలివైన వేలిని ఆకు కొనే కల్లంలో గుమాస్తా పట్టుకుని, సిరా పూసి, కాగితం మీద అద్ది, పశువుకు వాత పెట్టినట్టు వదిలేసేవాడు.

తాత చాలా చిన్న వయసులోనే పోయాడట. "మీ తాత పోయినంక నా చెయ్యి పట్టినోడు గా గుమాస్తానే పిల్లా, వానికింక మీసం గూడ సరిగ రాలే" అని ఆకు కట్టే ఆడవాళ్ళందరినీ నవ్వించేది. నవ్విస్తూనే ఆ వేలిని తెల్ల జుట్టులోకి పోనిచ్చి రుద్దేది. ఉన్నవి రెండే చీరలు, చీరకు తుడిస్తే మరక పోదు, జుట్టయితే కొత్తది మొలుస్తుంది అనేది. ప్రతి ఎండాకాలమూ ఆమె తలలో, కుడి చెవి పైన నీలంగా ఒక మరక ఉండేది. ఎంత మందిలో ఉన్నా ఆ మరకను బట్టి ఆమెను గుర్తుపట్టేదాన్ని.

ఆ నవ్వు ఊరి కోసం. నా తల దువ్వేటప్పుడు మాత్రం ఒకటే మాట. "నీ చెయ్యి ఎవ్వనికి పట్టనియ్యకు బిడ్డా. పేరొక్కటి రాయ నేర్చుకో, సాలు." ఎట్లా నేర్చుకోను? బడి వాగు అవతల, చంకలో తమ్ముడు, నెత్తిన కట్టెలమోపు. పెళ్ళయి పాల్వంచ వచ్చి, క్వార్టర్లలో అంట్లు తోమి, ముగ్గురు పిల్లల్ని కన్న తరువాత, మా వాడకు పెద్దవాళ్ళకు చదువు చెప్పే టీచరమ్మ వచ్చాక, మధ్యాహ్నాలు ఒక వరండాలో కూర్చుని నేర్చుకున్నాను. పలక పట్టుకుని పోతుంటే మా ఆయన మేనత్త "కలెక్టరమ్మా, అన్నం వండినవా" అనేది. వండాను, రాశాను కూడా. నా పేరులో ఒక ఒత్తు ఉంది. ఆ ఒక్క ఒత్తు చేతికి రావడానికి వానాకాలం పూర్తిగా పట్టింది.

వచ్చిన మరునాడే బస్సెక్కి అమ్మమ్మ దగ్గరకు పోయాను. అప్పటికి ఆమెకు చూపు దాదాపు పోయింది. ఎదురుగా కూర్చుని, కొత్త కాగితం మీద సిరా పెన్నుతో పేరు రాసి చేతికిచ్చాను. తునికాకును చూసినట్టే బొటనవేలితో అక్షరాలన్నిటినీ నిమిరింది. సిరా ఇంకా ఆరలేదు. వానాకాలమంతా దిద్దిన ఒత్తు అలుక్కుపోయి, దాని మీద ఆమె వేలిముద్ర పడింది. నేను కసిరాను. "ఖరాబ్ చేసినవ్ గదనే ముసల్దానా, కండ్లు కనబడకపాయె, చేతులన్న ఊకుండయా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఆమె ఏమీ అనుకోలేదు. వేలిని జుట్టులో తుడుచుకుని, "తడిగున్నది బిడ్డా. అంటే ఇప్పుడే, నా ముంగటనే రాసినవ్" అని మురిసిపోయింది. నేను ఆ కాగితాన్ని ఉండచుట్టి పొయ్యిలో వేసి, ఇంకొకటి శుభ్రంగా రాసిచ్చాను.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. ఫొటో లేదు. నా పేరూ ఆమె వేలూ కలిసి ఉన్న కాగితం ఆ ఒక్కటే, దాన్ని నా చేతులతో నేనే కాల్చాను. ఆ తరువాత పిల్లల బడిలో, దవాఖానాలో, మా ఆయన పోయినప్పుడు ఆఫీసులో, సిరా డబ్బా నా వైపు జరిపిన ప్రతిచోటా దాన్ని వెనక్కి నెట్టి పెన్ను అడిగాను.

వరస అయిపోయాక డీలరు పిలిచాడు. ఈసారి చెయ్యి పట్టనివ్వలేదు, నేనే పెడతానన్నాను. "వేలు బాగ అరిగింది పెద్దమ్మా, ఎండిపోయింది. జర తలకు రుద్ది పెట్టు, జుట్టు నూనె అంటితే పడ్తది" అన్నాడు. సంచీ కింద పెట్టాను. తరువాత బొటనవేలిని కుడి చెవి పైన జుట్టులోకి పోనిచ్చి రుద్ది, మిషను మీద పెట్టాను. వెంటనే పడింది. బియ్యం పోశాడు.

ఆయన మంచివాడే. ఎవరి మీద కోపగించాలో తెలియకనే ఇదంతా రాసుకొచ్చాను. పేరు రాయడం రానందుకు ఆమె చెయ్యి పట్టారు, వచ్చినా నా చెయ్యి పట్టారు, ఒక వానాకాలం పెట్టి నేర్చుకున్న ఆ ఒత్తును అడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. సాయంత్రం తల దువ్వుకుంటూ అద్దంలో కుడి చెవి పైన వెతికాను. మిషనుకు సిరా ఉండదని తెలుసు. తెలిసే వెతికాను. జుట్టు తెల్లగానే ఉంది.